కొత్త సిలబస్ అమలుకి ముందు: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

ఒడిశాలోని పర్లాకిమిడిలో మీ కాలేజీకి కొత్త సిలబస్ అమలు చూసే పని నీ నెత్తిన పడిందని అమ్మ చెప్పింది. అభిప్రాయాలు అడగడానికి అందరినీ పిలిచి పెద్ద మీటింగు పెడతానన్నావట. వద్దురా. టీలు తాగి రిజిస్టరులో సంతకాలు పెడతారు. ప్రిన్సిపాల్ మాట్లాడాక ఇంకెవరూ నోరు విప్పరు. ఒక్కొక్కరి దగ్గరికీ నువ్వే వెళ్లు, అదీ టైంటేబుల్ ఖాయం కాకముందే. ఆ తర్వాత అడిగితే మొహమాటానికి తలూపుతారంతే.

ముందు గంటలు లెక్కపెట్టు. యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2022 ఫ్రేమ్‌వర్క్ ప్రకారం సెమిస్టరుకి 15 వారాలు. చదువు బరువుని కొలిచేది క్రెడిట్. పాఠానికి ఒక క్రెడిట్ అంటే 15 గంటలు, ప్రాక్టికల్‌కీ, బయట పనిచోట నేర్చుకునే ఇంటర్న్‌షిప్‌కీ 30. నాలుగు క్రెడిట్ల థియరీ పేపరుకి 60 గంటలు కావాలి. దసరా సెలవులు, ఇన్విజిలేషన్, ఎలక్షన్ డ్యూటీలు పోగా నిజంగా ఎన్ని మిగులుతాయో పాత హాజరు పట్టీలే చెబుతాయి. ఆ లెక్క లేకుండా ఎవరినీ కదపకు.

పిల్లల్లో ఫస్టు క్లాసు వాళ్లనే పోగెయ్యకు. కాశీనగరం నుంచి గుణుపురం రైల్లో వచ్చేవాడు, పాతపట్నం నుంచి వచ్చే అమ్మాయి, సవర ఇంటి పిల్ల, పరీక్ష తప్పినవాడు, ఇలా ఏడెనిమిది మంది చాలు. "సిలబస్ ఎలా ఉంది?" అంటే "బాగుందండి" అంటారు. ఏ క్లాసు మధ్యలో లేచి బండి అందుకోవాలో, నోట్సు ఏ భాషలో రాసుకుంటున్నారో అడుగు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పుస్తకం ఇంగ్లీషు. తడబడేది ఎక్కడో అప్పుడు బయటపడుతుంది.

పరీక్షల సెక్షన్ గుమాస్తాని ఎవరూ పిలవరు. ఇంటర్న్‌షిప్ మార్కులు ఏ గడిలో ఎక్కించాలో ఆయనకి తెలియకపోతే, పని చేసొచ్చిన పిల్లాడికి రిజల్టులో ఆబ్సెంట్ పడుతుంది.

అసలు చిక్కు ఇంటర్న్‌షిప్. నాలుగు క్రెడిట్లదైతే 120 గంటలు, రోజుకి ఆరు చొప్పున 20 రోజులు. పశువుల కొమ్ములతో బొమ్మలు చేసే దుకాణంలో పదిమందిని దింపితే వాళ్ల పనే ఆగిపోతుంది. మూడోనాటికి "రేపు రాకండి బాబూ" అంటారు. అక్కడికి ఇద్దరు చాలు. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలకి ఎక్కువమందిని పంపొచ్చు గానీ, ఆడపిల్లలు సాయంత్రం తిరిగొచ్చే బస్సు ముందే చూసుకో. ఏ వారం, ఎంతమంది, పని నేర్పేదెవరు, హాజరు రాసేదెవరు, ఈ నాలుగూ ఒకే కాగితం మీద రాసి సంతకం తీసుకో. యజమాని పేరొక్కటే చాలదు, మేస్త్రీ పేరుండాలి. పిల్లల్ని చూసేది అతనే.

సిలబస్ మార్చే అధికారం దాన్ని తయారుచేసే కమిటీ బోర్డ్ ఆఫ్ స్టడీస్‌ది, నీది కాదు. "బరువుగా ఉంది" అని బరంపురం యూనివర్సిటీకి రాస్తే బుట్టదాఖలే. ఏ యూనిట్టుకి ఎన్ని గంటలు చాలడం లేదు, దేన్ని తగ్గించమంటున్నావు, అదే రాయి. ఐదో వారంలో ప్రతి లెక్చరర్ దగ్గరా అయిన పాఠం, పట్టిన గంటలు తీసుకుంటే ఆ ఉత్తరానికి సరుకు దొరుకుతుంది.

నువ్వు అభిప్రాయం అడిగినవాళ్లకి జవాబు చెప్పడం మరిచిపోకు. ఏది మారింది, ఏది మారలేదు, ఎందుకని, అరపేజీలో నోటీసు బోర్డుకి అంటించు. మేస్త్రీకి మాత్రం నోటీసు పనికిరాదు, ఫోన్ చెయ్యి.

మీ మావయ్య