మ్యూనిక్ నుంచి వియన్నాకు చంటిపిల్లలతో

ప్రశ్న: వేసవిలో మ్యూనిక్, సాల్జ్‌బర్గ్, వియన్నా చూడాలనుకుంటున్నాం. పిల్లలకు రెండేళ్లు, ఐదేళ్లు. వాళ్లకు రైలు టికెట్ కొనాలా? తిండి ఎలా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఆరేళ్లలోపు పిల్లలకు జర్మనీ, ఆస్ట్రియా రైళ్లలో టికెట్ అక్కర్లేదమ్మా. కానీ టికెట్ లేని పిల్లలకు సీటూ ఉండదు. రద్దీలో ఐదేళ్ల బిడ్డను గంటల తరబడి ఒళ్లో కూర్చోబెట్టుకోవడం నరకం. నలుగురికీ సీట్లు రిజర్వ్ చేయించుకోండి. జర్మనీ ఐసీఈ (అతివేగ) రైళ్లలో 'క్లైన్‌కిండ్‌అబ్టైల్' అని పసిపిల్లల గది ఉంటుంది, ముందుగా అడగండి.

మ్యూనిక్–సాల్జ్‌బర్గ్‌కు 'బయర్న్ టికెట్' (మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రపు ఒక రోజు టికెట్) చవక. అయితే సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం 9 తర్వాతే చెల్లుతుంది, అదీ ప్రాంతీయ రైళ్లలోనే. తెలియక ఎక్స్‌ప్రెస్ ఎక్కితే జరిమానా పడొచ్చు.

ప్లాట్‌ఫాం మీద ఏ, బీ, సీ అక్షరాలు వేలాడుతుంటాయి. మీ బోగీ ఏ అక్షరం దగ్గర ఆగుతుందో బోర్డులో చూసి అక్కడే నిలబడండి. రైలు ఆగాక పిల్లల తోపుడుబండితో పరుగెత్తే వ్యవధి ఉండదు. బండి ఒంటిచేత్తో మడిచేదై ఉండాలి, ఎందుకంటే లిఫ్టు పనిచేయకపోతే మెట్లే గతి.

పెరుగన్నానికి 'నాటూర్‌యోగుర్ట్' (ఏమీ కలపని పెరుగు) అని రాసిన డబ్బా కొనండి. 'క్వార్క్' తీసుకోకండి, అది చిక్కటి ముద్ద, అన్నంలో కలవదు. ఆదివారం సూపర్‌మార్కెట్లు దాదాపు అన్నీ మూతే. పాలు, డైపర్లు శనివారమే తెచ్చిపెట్టుకోండి.