పాత పత్రాల డేటాబేస్ శుభ్రం చేసే ఉద్యోగం: మా అమ్మాయి చేరొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఎం.ఏ. హిస్టరీ పూర్తి చేసింది. పాత పత్రాలు భద్రపరిచే ఒక ఆర్కైవ్‌లో ఏడాది కాంట్రాక్టు ఉద్యోగం వచ్చింది. పాత రిజిస్టర్లు, ఎక్సెల్ షీట్లు, ఎప్పటిదో సాఫ్ట్‌వేర్‌లో ఉన్న జాబితాలు అన్నీ కలిపి కొత్త డేటాబేస్‌లోకి ఎక్కించాలట, అంతకుముందు ఆ డేటా అంతా 'క్లీన్' చెయ్యాలట. తనకేమో మహా సరదాగా ఉంది. నాకూ మావారికీ మాత్రం ఇది డేటా ఎంట్రీ పనే అనిపిస్తోంది. ఇంత చదివి టైపింగు చేయడమా? తనకు కోడింగ్ రాదు, నేర్చుకోవాలా? దీంట్లో ముందుముందు ఎదుగుదల ఉంటుందా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ అనుమానం ఊరికే వచ్చింది కాదు. 'డేటా క్లీనింగ్' అని పేరు పెట్టి ఇచ్చే ఉద్యోగాల్లో కొన్ని అచ్చంగా టైపింగు పనులే. కొన్ని మాత్రం చరిత్ర చదివినవాళ్ల చేతికే లొంగుతాయి. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి: ఒక మనిషి, ఒక తెర, వేల వరసలున్న ఒక షీటు. కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేనూ మూడేళ్లు ఆ తెర ముందు కూర్చున్నాను కాబట్టి తేడా ఎక్కడుందో చెప్పగలను. కాస్త ఎక్కువ మాట్లాడినా ఏమీ అనుకోకండి.

ఒక్క తేదీల కాలమ్ చూడండి చాలు. పాత షీట్లలో అందులో ఏముంటాయంటే: 1942. సుమారు 1942. 1942, పక్కన ఒక ప్రశ్నార్థకం. 1940ల్లో. 12-3-42. తే.లే., అంటే తేదీ లేదని. 'యుద్ధం రోజులు'. వేర్వేరు మనుషులు వేర్వేరు ఏళ్లలో ఎవరికి తోచినట్టు వాళ్లు రాసుకున్నవి. డేటా ఎంట్రీకి వచ్చినవాళ్లయితే ఉన్నది ఉన్నట్టు కొట్టేసి వెళ్లిపోతారు. తొందరపాటు ప్రోగ్రామర్ చేతిలో పెడితే అన్నిటినీ ఒకే మూసలో పోసేస్తాడు. 12-3-42 కాస్తా 1942 మార్చి 12 అవుతుంది, 'సుమారు'లన్నీ జనవరి 1 అయిపోతాయి. షీటు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, లోపల సగం అబద్ధం.

మీ అమ్మాయి చేయాల్సింది ఈ రెండూ కాదు. ఆ ఫైలు తెప్పించుకోవాలి. అదే చేతిరాతలో ఉన్న మిగతా ఉత్తరాలు తిరగేయాలి. వాటిలో ఒకదాని మీద 25-3-42 అని కనబడిందనుకోండి, ఆ రాసినాయన రోజు ముందు వేసి నెల తరవాత వేసేవాడని తేలిపోతుంది, ఇరవై అయిదో నెల ఉండదు కదా. 42 అంటే 1942నా, 1842నా అన్నది కాగితం చెబుతుంది, లోపలి సంగతులు చెబుతాయి. తేలాక కూడా పాత రాతను చెరిపెయ్యరు. అది యథాతథంగా ఒక గడిలో ఉంటుంది, యంత్రానికి అర్థమయ్యే రూపం ఇంకో గడిలో ఉంటుంది. ఎంత వెతికినా తేలకపోతే తేలలేదనే రాయాలి. దానికీ ఒక పద్ధతి ఉంది: తేదీలు ఎలా రాయాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8601, 2019లో వచ్చిన దాని రెండో భాగం ప్రకారం 1942~ అంటే సుమారుగా అని, 1942? అంటే సందేహమని.

అసలు ఈ పనంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఈ తప్పు ఎవరిది? ఫైలు అట్ట మీద ఆనాటి గుమాస్తాయే ఊరి పేరు తప్పు రాసి ఉంటే అది సాక్ష్యం, దాన్ని ముట్టుకోకూడదు. వెతికేవాళ్లకు దొరకాలి కాబట్టి సరైన రూపం పక్కన చేర్చాలి. ఇరవై ఏళ్ల కిందట జాబితా టైపు చేసినవాళ్లు ఒక అక్షరం జారవిడిస్తే అది ఇంటివాళ్ల తప్పు, నిర్మొహమాటంగా దిద్దాలి. మూడో రకం సాఫ్ట్‌వేర్ చేసిన తప్పులు, వీటికి ఎక్సెల్ పుట్టిల్లు. పెట్టె 3, ఫైలు 4 అనే ఉద్దేశంతో 3-4 అని కొడితే తేదీ చేసేస్తుంది. 0047లో ముందున్న సున్నాలు మింగేస్తుంది. 1900కి ముందు తేదీలు దాని లెక్కలో తేదీలే కావు, వట్టి అక్షరాలు. అందుకే వరసలో పెట్టమంటే 1897 నాటి ఉత్తరాలు వెళ్లి అడుగున పడతాయి. దీని బాధ పడలేక జన్యుశాస్త్రవేత్తలు 2020లో ఏకంగా కొన్ని మానవ జన్యువుల పేర్లే మార్చుకున్నారు. సెప్ట్1 అని కొడితే సెప్టెంబర్ 1 అవుతోందని దాన్ని సెప్టిన్1 చేశారు! ఆర్కైవ్‌లో ఆ వెసులుబాటు ఎక్కడిది? పెట్టె మీద ఏ నంబరు ఉంటే అదే ఉండాలి.

పేర్ల దగ్గర నేను తిన్న దెబ్బ ఒకటి చెప్పాలి. ఓపెన్‌రిఫైన్ అని ఈ పనికి బాగా వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో క్లస్టర్ నొక్కితే 'వి. సుబ్బారావు', 'సుబ్బారావు, వి.', 'సుబ్బారావు వి' మూడింటినీ ఒక కుప్ప చేసి చూపిస్తుంది. అది చేసేదల్లా చుక్కలు, కామాలు తీసేసి, మాటలను అక్షర క్రమంలో పేర్చి, ఒకేలా ఉన్నాయా అని చూడటమే. 'ఇవి ఒకేలా ఉన్నాయి' అంటుంది, 'వీళ్లు ఒకే మనిషి' అని ఎక్కడా అనదు. కొత్తలో నాకా తేడా తెలియలేదు. అచ్చంగా ఒకే పేరుతో ఉన్న రెండు రికార్డులను డూప్లికేట్ అనుకుని డేటాబేస్‌లో కలిపేశాను. వాళ్లు తాతా మనవళ్లు. అరవైకి పైగా ఫైళ్లు ఒకే మనిషి ఖాతాలో పడ్డాయి, తాతగారు పోయాక ఆయన రాసినట్టున్న ఉత్తరాలతో సహా. అలా కలిపాక విడదీసే మీట సాఫ్ట్‌వేర్‌లో లేదు. బ్యాకప్ తొమ్మిది రోజుల కిందటిది, మధ్యలో మిగతావాళ్లు చేసిన పని పోతుంది కాబట్టి దాన్ని తిరిగి ఎక్కించడానికీ వీల్లేదు. మా సీనియర్ ఏమీ అనలేదు. ఆ బ్యాకప్ విడిగా ఇంకో మెషీన్‌లో తెరిచి ఇచ్చి, 'ఏ ఫైలు ఎవరిదో నువ్వే తేల్చు' అన్నారంతే. రెండు వారాలు పట్టింది. మీ అమ్మాయికి నా మాటగా చెప్పండి: అసలు డేటాబేస్ మీద నేరుగా చెయ్యి పెట్టొద్దు, ముందు నకలు కాపీ మీద చేసి చూడాలి. అంతా ఒకేసారి కాకుండా పది రికార్డులు కలిపి ఫలితం చూశాకే మిగతావి.

అన్నట్టు, పేర్లలో హిస్టరీ చదివినవాళ్లకు తప్పక నచ్చే పని ఒకటుంది. పాత జాబితాల్లో ఆడవాళ్లు చాలామంది 'శ్రీమతి ఫలానా ఆయన' అని భర్త పేరు కిందే దాక్కుని ఉంటారు. ఉత్తరం చివర సంతకం చూసి వాళ్ల సొంత పేరు రికార్డులోకి ఎక్కించడం. ఇది ఏ స్క్రిప్టూ చేసిపెట్టదు.

వరస సంగతి. లైబ్రరీలో పుస్తకాలను విషయం ప్రకారం సర్దుతారు. ఆర్కైవ్‌లో అలా కుదరదు, ఏ ఆఫీసు నుంచి, ఏ ఇంటి నుంచి వచ్చిన కాగితాలు ఆ కట్టగానే, వాళ్లు పెట్టుకున్న వరసలోనే ఉండాలి. కట్టను విడదీయకూడదన్న సూత్రం ఫ్రాన్స్‌లో 1841 నాటి సర్క్యులర్‌తో మొదలైంది. దాన్నీ, వరస మార్చకూడదన్న సూత్రాన్నీ 1898లో ముల్లర్, ఫైత్, ఫ్రూయిన్ అనే ముగ్గురు డచ్చివాళ్లు తమ మాన్యువల్‌లో వివరంగా రాసి స్థిరపరిచారు. డేటాబేస్‌లో ఇది తల్లీ పిల్లల సంబంధంగా ఉంటుంది: సేకరణ కింద సిరీస్, సిరీస్ కింద ఫైలు, ఫైలు కింద విడి కాగితం. షీటులోకి దించగానే ఆ బంధం ఒక్క కోడ్ నంబరు మీద వేలాడుతుంది. ఎవరైనా ఒక్క కాలమ్ మాత్రం ఎంచుకుని సార్ట్ కొట్టారా, పిల్లలందరూ తలో తల్లి దగ్గరికి పోతారు. ఆర్కైవ్ పత్రాల వివరాలు ఎలా నమోదు చేయాలో చెప్పే ఐఎస్ఏడీ(జీ) అనే అంతర్జాతీయ ప్రమాణం 2000లో వచ్చిన రెండో కూర్పులో మొత్తం 26 అంశాలుంటే వాటిలో ఆరు తప్పనిసరి: కోడ్, శీర్షిక, కాగితాలు ఎవరివన్నది, తేదీ, పరిమాణం, ఏ స్థాయి అన్నది. ఎన్ని రికార్డుల్లో ఈ ఆరూ ఉన్నాయో లెక్క తీయడం మొదటి వారం పనిగా పెట్టుకోమనండి. మిగిలిన ఏడాదికి ప్లాను దాంట్లోంచే వస్తుంది.

కోడింగ్ గురించి అడిగారు. భయపడాల్సినంత లేదు. ముందు ఓపెన్‌రిఫైన్. 2010లో వచ్చి, కొన్నాళ్లు గూగుల్ రిఫైన్ పేరుతో ఉండి, 2012 నుంచి ఓపెన్‌రిఫైన్ అయింది. చేసిన ప్రతి మార్పూ అందులో వరసగా నమోదవుతుంది. వెనక్కి వెళ్లొచ్చు, అవే మార్పులను ఇంకో షీటు మీద మళ్లీ నడపొచ్చు. తరవాత ఎస్‌క్యూఎల్, అంటే డేటాబేస్‌ను ప్రశ్నలు అడిగే భాష, అదీ మొత్తం కాదు. ఒకే కోడ్ రెండుసార్లు పడిన రికార్డులేవి, తల్లి లేకుండా మిగిలిపోయిన రికార్డులేవి అని అడగడం వస్తే సగం పని అయినట్టే, నెల రోజులు సాధన చేస్తే వస్తుంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఆ తరవాతి మాట. ఆర్కైవ్స్‌స్పేస్, ఆటమ్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్లు రెండూ ఓపెన్ సోర్సే, ఇంట్లో వేసుకుని ప్రయోగాలు చేయొచ్చు. కానీ ఏదో ఒక సాఫ్ట్‌వేర్‌కు అతుక్కుపోవద్దు. ఆర్కైవ్స్‌స్పేస్ 2013లో వచ్చిందే అంతకుముందున్న ఆర్కివిస్ట్స్ టూల్‌కిట్, ఆర్కాన్ రెండింటి స్థానంలో. ఆ రెండూ వాడినవాళ్లు చాలామంది ఇదిగో ఇప్పుడు మీ అమ్మాయికి వచ్చినలాంటి పనిలోనే పడ్డారు.

ఎదుగుదల దగ్గర తీపి మాటలు చెప్పను. ఈ రంగంలో కాంట్రాక్టులు దొరికినంత సులువుగా పర్మనెంటు పోస్టులు దొరకవు. జీతం సాఫ్ట్‌వేర్ వాళ్లతో పోల్చుకుంటే నిరాశే. పర్మనెంటు పోస్టుకు చాలాచోట్ల లైబ్రరీ సైన్స్ పట్టాగానీ, ఆర్కైవ్స్ చదువుగానీ అడుగుతారు, వట్టి ఎం.ఏ.తో అక్కడ ఆగిపోయే ప్రమాదం ఉంది. ఇంటికి వెంటనే తన సంపాదన అవసరమైతే ఇది రెండుసార్లు ఆలోచించాల్సిన దారి. ఆ ఒత్తిడి లేకపోతే మాత్రం చేరమనే అంటాను, ఎందుకంటే ఇందులో నేర్చిన పని మ్యూజియం సేకరణలకు, యూనివర్సిటీల్లో పరిశోధన డేటాకు, పెద్ద కంపెనీల రికార్డుల విభాగాలకు అలాగే పనికొస్తుంది. పత్రాలూ తెలిసి డేటాబేసూ తెలిసిన మనిషి దొరకడం కష్టమని ఇంటర్వ్యూ బోర్డుల్లో కూర్చున్నప్పుడు నేను కళ్లారా చూశాను.

ఒప్పుకునే ముందు తను వాళ్లను కొన్ని సంగతులు అడగాలి. అనుమానం వస్తే పెట్టె తెరిచి చూడనిస్తారా? రెండు రికార్డులు కలపాలా వద్దా అన్నది ఎవరు తేలుస్తారు? ప్రయోగాలకు వేరే కాపీ ఉందా? బ్యాకప్ ఎన్నాళ్లకోసారి? 'రోజుకు ఇన్ని వరసలు పూర్తి చేయాలి, పెట్టెలతో మీకు పని లేదు' అన్నారంటే మీ భయమే నిజం, మొహమాటపడకుండా వదిలేయమనండి.

ఇంకొకటి, చిన్నదే. అపాయింట్‌మెంట్ ఉత్తరంలో హోదా ఏమని రాశారో చూడండి. 'డేటా ఎంట్రీ ఆపరేటర్' అని ఉంటే చేరకముందే మార్పించుకోవాలి. మెటాడేటా (అంటే పత్రాల వివరాలు) అసిస్టెంట్ అనో, ఆర్కైవ్స్ అసిస్టెంట్ అనో, వాళ్ల దగ్గర వాడుకలో ఉన్నది ఏదైనా సరే. సంతకం పెట్టాక అడిగితే అదే హోదా ఏడాది చివర ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్‌లోకీ వచ్చేస్తుంది.