గుండె చప్పుడు వినే స్టెతస్కోపు ఇంటికి కొనాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. గుండెజబ్బును 15 సెకన్లలో పట్టే స్టెతస్కోపు వచ్చిందని వీడియోలో చూశాను. ఒకటి కొని నెలకోసారి ఇంట్లోనే పరీక్షించుకోవచ్చా? - ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: కొనవద్దు. ఆ డబ్బుతో నాన్నగారిని కార్డియాలజిస్టుకు చూపించి, ఆయన అవసరమంటే 2డి ఎకో (గుండెకు చేసే అల్ట్రాసౌండ్ స్కానింగ్) చేయించండి.

మీరు చూసింది అమెరికా కంపెనీ ఎకో హెల్త్ పరికరం గురించి అయి ఉంటుంది. 2డి ఎకో పరీక్షతో దానికి పేరు పోలికే తప్ప సంబంధం లేదు. 2013లో కాలిఫోర్నియాలో మొదలైన ఈ కంపెనీ, ఛాతీకి ఆనించే బిళ్లలోనే మైకునూ ఈసీజీ ఎలక్ట్రోడ్లనూ అమర్చింది. ఆ రెండు సంకేతాలూ ఫోన్‌లోని యాప్ ద్వారా సాఫ్ట్‌వేర్‌కు చేరుతాయి. అమెరికాలోని పేరున్న ఆసుపత్రి మేయో క్లినిక్‌తో కలిసి తయారుచేసిన ప్రోగ్రాముకు 2024 ఏప్రిల్‌లో అక్కడి మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. గుండె పంపింగ్ (గుండె ఎడమ గదిలోని రక్తంలో ఒక్కో స్పందనకు బయటకు వెళ్లే వాటా) 40 శాతానికి, అంతకంటే తక్కువకు పడిపోయి ఉండవచ్చా అని అది అంచనా వేస్తుంది. అంచనా మాత్రమే వేస్తుంది, నిర్ధారించదు.

ఈ తేడా ఎంత పెద్దదో బ్రిటన్ అనుభవం చూపించింది. లండన్ ఇంపీరియల్ కాలేజ్ పరిశోధకులు అక్కడి 205 ప్రాథమిక క్లినిక్‌లతో అధ్యయనం చేసి, 2025లో ఫలితాలు వెల్లడించారు. ఈ పరికరంతో పరీక్షించిన వారిలో గుండె వైఫల్యం (ఒంటికి సరిపడా రక్తాన్ని గుండె పంప్ చేయలేకపోవడం) బయటపడటం, మామూలు పద్ధతిలో చూసిన వారికంటే రెట్టింపునకు పైగా ఉంది. అయితే సాఫ్ట్‌వేర్ గుండె వైఫల్యాన్ని అనుమానించిన వారిలో సుమారు మూడింట రెండు వంతుల మందికి, తర్వాతి రక్తపరీక్షలోనో స్కానింగ్‌లోనో ఆ జబ్బు లేదని తేలింది. డాక్టరు చేతిలో ఉన్నప్పుడు అది మరో పరీక్ష రాయడానికి కారణమవుతుంది. అదే ఫలితం రాత్రి పదింటికి మీ ఇంట్లో కనిపిస్తే ఆ కంగారును తీర్చేదెవరు?

నన్ను ఇంకా ఎక్కువగా భయపెట్టేది దీనికి వ్యతిరేకమైన పొరపాటు. గుండె రక్తనాళాల్లో పూడికలను ఈ సాఫ్ట్‌వేర్ వెతకదు. ఫోన్‌లో అంతా బాగానే ఉందని వచ్చిందని ఛాతీనొప్పిని గ్యాస్ అనుకుని కూర్చుంటే ప్రాణం మీదకు వస్తుంది. నొప్పి, చెమటలు, ఎడమ చెయ్యి లాగడం ఉంటే ఏ యాప్‌నూ తెరవకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యురాలిని. ఓపీ గోలలో మర్మర్ (గుండె చప్పుళ్ల మధ్య వినిపించే అదనపు శబ్దం) సరిగా వినబడదు. ఇలాంటి డిజిటల్ స్టెతస్కోపు నాకు ఉపయోగపడుతుందా? - ఆదిలాబాద్

జవాబు: మీకు తప్పకుండా ఉపయోగపడుతుంది డాక్టరుగారూ. లిట్‌మన్ కోర్ వంటి మోడళ్లు శబ్దాన్ని 40 రెట్ల దాకా పెంచి, చుట్టుపక్కల రొదను తగ్గిస్తాయి. ఛార్జింగ్ అయిపోయినా మామూలు స్టెతస్కోపులా పనిచేస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చింది తెరమీద కనిపించే శబ్దరేఖ. మొదటి, రెండో చప్పుళ్ల మధ్య నిశ్శబ్దంగా ఉండాల్సిన చోట రేఖ గరుకుగా కదిలితే సిస్టాలిక్ మర్మర్ (గుండె ముడుచుకునేటప్పుడు వచ్చేది) కంటికే తెలుస్తుంది. ఆ రికార్డింగును జిల్లా ఆసుపత్రిలోని నిపుణులకు పంపి అభిప్రాయం అడగవచ్చు. గొంతునొప్పికి సరైన వైద్యం అందక రుమాటిక్ జ్వరం వచ్చి, వాల్వు దెబ్బతిన్న పిల్లలను ముందే గుర్తించడానికి ఇంతకంటే మంచి ఉపయోగం ఏముంటుంది?

కొనేముందు డీలరును ఒక్కటి గట్టిగా అడగండి: మర్మర్‌ను గుర్తించే సాఫ్ట్‌వేర్ మన దేశంలో అందుబాటులో ఉందా, దానికి ఏటా విడిగా చందా కట్టాలా? పరికరం ధరలోనే అన్నీ వస్తాయనుకోవద్దు. రికార్డింగు వినేటప్పుడు మంచి హెడ్‌ఫోన్ పెట్టుకోండి. గుండె చప్పుళ్లలో మంద్రస్థాయి శబ్దాలే ఎక్కువ, ఫోన్ చిన్న స్పీకరు వాటిని పలికించలేదు. ఫైలుకు రోగి పేరు బదులు ఓపీ నంబరు పెట్టండి.

ప్రశ్న: ఫోన్‌ను ఛాతీకి ఆనిస్తే గుండెజబ్బు చెప్పే ఉచిత యాప్‌లను నమ్మవచ్చా? - ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: నమ్మవద్దు. ఫోన్ మైకును మాటల కోసం సర్దుతారు. గుండె చప్పుడు వంటి మంద్ర శబ్దాలను రొదగా భావించి తగ్గించేయడం దాని పని. పైగా చొక్కా రాపిడి కూడా అందులో మర్మర్‌లా వినిపించగలదు. సరదాకు విని, తర్వాత యాప్‌కు ఇచ్చిన మైకు అనుమతిని తీసేయండి.