గ్యారేజీ జాబులు: పసుపు మెరిస్తే ఆర్క్ పెట్టకండి

ప్రశ్న: 1980ల్లో మా చిన్నాన్న మద్రాసులో ఉన్నప్పుడు, షోలవరం రేసుల్లో తిరిగిన ఒంటి సీటు కారు ఒకటి తుక్కు ధరకి కొన్నారు. ఇంజను ఎప్పుడో పోయింది. గొట్టాల చట్రం మాత్రం గోపాల్‌పూర్ సముద్రం దగ్గర మా కొబ్బరితోట పాకలో ఉంది. తుప్పు పట్టింది, రెండు అతుకుల దగ్గర వెంట్రుకవాసి గీతలున్నాయి. మా వీధి వెల్డరు "ఇసక కొట్టించి, ఆర్క్ (కరెంటు వెల్డింగు) పెట్టి, పౌడర్ కోటింగు వేయిస్తే కొత్తదైపోద్ది" అంటున్నాడు. చేయించమంటారా?
- ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: వద్దు బాబూ. ఆ మూడూ వద్దు.

షోలవరం అంటే యుద్ధకాలపు విమానాల పట్టీ. 1990లో ఇరుంగాట్టుకోట్టై ట్రాకు వచ్చేదాకా మద్రాసు రేసులన్నీ అక్కడే. అంత పాత చట్రాన్ని ముట్టుకునే ముందు సన్న ఆకురాయితో ఒక మంచి అతుకు మీద రెండుసార్లు రాయండి. పసుపుపచ్చగా మెరిస్తే అది ఇత్తడి అతుకు. ఇంగ్లండులో కట్టిన పాత రేసు చట్రాలు చాలావరకు ఇలా గ్యాసు మంట మీద ఇత్తడి కడ్డీతో అతికినవే. ఇత్తడి 900 డిగ్రీల దగ్గర పారుతుంది, ఉక్కు కరగాలంటే 1500 కావాలి. అందుకే పల్చటి గొట్టం కరగకుండానే అతుకు పడుతుంది. దానిమీద ఆర్క్ పెడితే ఇత్తడిలోని జింకు తెల్లటి పొగై లేచిపోయి అతుకంతా బొక్కలు. రాగి ఇంకా ప్రమాదం. కాలిన ఉక్కు రేణువుల సందుల్లోకి దూరి లోపల్నుంచి చీలుస్తుంది. పైకి మాత్రం దిట్టంగానే ఉంటుంది.

నేను చేసి చెడిన పని ఇది. సునాబెడా విమాన ఇంజన్ల ఫ్యాక్టరీలో వెల్డింగు షాపులో చేరిన కొత్తలో, తెలివి ఎక్కువై, మా నాన్న సైకిలు హ్యాండిలు కింది అతుకుకి బయట ఆర్క్ పెట్టాను. మన పాత సైకిళ్ళ అతుకులూ ఇత్తడివే మరి. పదకొండో రోజున సిమిలిగుడ సంత నుంచి వస్తూ, దిగుడులో ముందు చక్రం ఒకవైపు, నాన్న ఒకవైపు. వంకాయల సంచి మాత్రం భద్రం. "వీధిలో వెల్డరుకి ఇచ్చినా బాగుండేది" అని ఆయన చివరిదాకా అనేవారు.

ఇక ఇసక, అంటే గాలి జోరుతో ఇసక చిమ్మి తుప్పు రాల్చడం. దాని దెబ్బకి లోహం పైపొర నలిగి గీత నోరు మూసుకుపోతుంది, తర్వాత వెతికినా దొరకదు. పైగా 18 గేజి గొట్టం మందమే 1.2 మి.మీ.; తుప్పు తిన్నది పోను ఇసకకి ఏం మిగులుతుంది? రంగుని రిమూవరుతో తీయండి. పగుళ్ళు చూసే ఎర్ర స్ప్రే కొట్టి, కాసేపు ఆగి, శుభ్రంగా తుడిచి, పైన తెల్ల డెవలపరు కొట్టండి. పగులుంటే ఎర్రగా పైకి వస్తుంది. గీత ఇత్తడి మధ్యలో ఉంటే అదృష్టం, పాత ఇత్తడి తీసి మళ్ళీ పోయించవచ్చు. ఇత్తడి అంచున, గొట్టంలో ఉంటే ఆ గొట్టం మార్చాల్సిందే. ఎక్కువగా అక్కడే వస్తుంది.

మీ సముద్రపు గాలికి పై తుప్పు కన్నా లోపలిదే నాకు భయం. అడుగు గొట్టాల్ని చిన్న సుత్తితో తట్టుకుంటూ పొండి. ఖంగుమంటే సరే. చచ్చు చప్పుడు వచ్చినచోట చిన్న బొక్క వేసి చూడండి. గోధుమరంగు పొడి రాలితే దాని పనైపోయినట్టే.

కోసే ముందు కొలతలు. చట్రాన్ని గచ్చు మీద మట్టంగా నిలబెట్టి, సస్పెన్షను బోల్టు బొక్కల నుంచి తాపీమేస్త్రీ గుండు వేలాడదీసి, నేలమీద సుద్దతో గుర్తులు పెట్టి, మూల నుంచి ఎదురుమూలకి రెండువైపులా కొలవండి. 2 మి.మీ. తేడా దాటితే నేనైతే ముందు ఆ వంకర సంగతే చూస్తాను. తర్వాత చట్రాన్ని బలమైన యాంగిలరు (ఎల్ ఆకారపు ఇనుము) ఫ్రేముకి కట్టేసి, ఒకసారికి ఒక్క గొట్టమే కొయ్యాలి. పాతదానికి వెర్నియరు (మందం కొలిచే కాలిపరు) పెట్టండి: 25.4 మి.మీ. వస్తే అంగుళం గొట్టం. బజార్లో 25 అంటగడతారు, ఒప్పుకోకండి.

పౌడర్ కోటింగు మందం, రేపొచ్చే పగులుని దాచేస్తుంది. లేత బూడిదరంగు పల్చగా వేయండి చాలు.

మనిషి సంగతా? మీ బరంపురంలో రిక్షా ఫ్రేములు గ్యాసు మీద అతికిన ముసలి మేస్త్రీ ఎవరైనా ఉంటారేమో వెతకండి. ఇత్తడి అతుకుకి వాడే వెలిగారం డబ్బా ఉందా అని అడగండి. "అదేంటి?" అంటే దండం పెట్టి వచ్చేయండి.