హార్ట్ ఫెయిల్యూర్‌లో గుండె కండర కణాల్లో కాల్షియం తీరు ఎలా మారుతుంది?

హార్ట్ ఫెయిల్యూర్‌లో గుండె కండర కణం ప్రతి స్పందనకూ తక్కువ కాల్షియం విడుదల చేస్తుంది, దాన్ని వెనక్కి తీసుకోవడంలోనూ ఆలస్యం చేస్తుంది. కణంలో కాల్షియం పెరిగితే కండరం ముడుచుకుంటుంది, తగ్గితే సడలుతుంది. అందుకే ఈ గుండె గట్టిగా ముడుచుకోలేకపోతుంది, పూర్తిగా సడలలేకపోతుంది.

కణంలో కాల్షియం నిల్వ ఉండేది సార్కోప్లాస్మిక్ రెటిక్యులం అనే సంచిలాంటి భాగంలో. మామూలుగా, ప్రతి స్పందన తర్వాత దాదాపు 70 శాతం కాల్షియాన్ని సెర్కా పంపు అందులోకి తిరిగి తోడేస్తుంది. జబ్బుపడిన గుండెలో ఈ పంపు మందగిస్తుంది. ఆ నిల్వలోంచి కాల్షియాన్ని బయటికి వదిలే రయనోడిన్ ద్వారాలు గుండె సడలే వేళ కూడా కారుతుంటాయి. సోడియం-కాల్షియం మార్పిడి ప్రోటీనేమో ఉన్నదాన్ని కణం బయటికి పంపేస్తుంది. ఒక కాల్షియం అయాన్ పోతే మూడు సోడియం అయాన్లు లోపలికొస్తాయి, అలా కణంలోకి చేరే అదనపు విద్యుదావేశం గుండె లయ తప్పడానికి ఒక కారణమే.

మెట్లెక్కేటప్పుడు చూడండి: ఆరోగ్యమైన గుండెలో వేగంతోపాటు ముడుచుకునే బలమూ పెరుగుతుంది. ఇక్కడ పంపుకు వ్యవధి చాలక బలం పెరగదు, ఒక్కోసారి తగ్గుతుంది కూడా.

ఒంట్లో కాల్షియం తక్కువై ఇలా అయిందనుకుని మాత్రలు మింగడం పొరపాటు. చాలామంది రోగుల రక్తంలో కాల్షియం సరిపడానే ఉంటుంది.