డాక్టర్ సలహా: పుండు నొప్పి లేదు అన్నారు చూడండి, నా భయమంతా అదే

ప్రశ్న: డాక్టర్ గారికి వందనాలు. నాకు 52 ఏళ్లు, తెనాలి దగ్గర మా ఊరు. షుగర్ వచ్చి 11 ఏళ్లు. పొలం విషయంలో మా తమ్ముడికి అన్యాయం చేశాను, అందుకే దేవుడు నన్ను శిక్షిస్తున్నాడని అర్థమైంది. బైబిల్లో హెబ్రీ పత్రిక 12లో ఉన్నట్టు ఆ శిక్షకి విసుక్కోకుండా తగ్గించుకుని లోబడదామని 21 రోజుల ఉపవాస ప్రార్థన పెట్టుకుని ఇన్సులిన్ ఆపేశాను. మందు వాడితే దేవుని దిద్దుబాటుని కాదన్నట్టేనా? బైబిల్లోని ఆసా రాజు వైద్యుల్ని నమ్ముకుని చనిపోయాడని సంఘంలో ఒకరు గుర్తు చేశారు. మొన్న పరగడుపు షుగర్ 286. కుడికాలి బొటనవేలి కింద మూడు వారాలుగా చిన్న పుండు ఉంది, దేవుని దయవల్ల నొప్పి ఏమీ లేదు.

జవాబు: ఉత్తరం అంతా శిక్ష గురించి రాసి పుండు సంగతి చివర్లో ఒక్క ముక్కలో తేల్చేశారు, నేను మాత్రం ఆ ముక్క దగ్గరే ఆగిపోయానండి. ఓపీ నడుస్తోంది, మధ్యలో రాస్తున్నా, కాబట్టి ముందు అదే చెప్తా.

11 ఏళ్ల షుగర్, అరికాల్లో పుండు, నొప్పి లేదు. ఈ మూడూ కలిస్తే కాలి నరాలు దెబ్బతిన్నాయనే ముందు అనుమానిస్తాం. మామూలు మనిషికి చెప్పులో చిన్న రాయి దూరినా పది అడుగులు వేయలేడు, ఆగి దులుపుకుంటాడు. మీకు ఆ రాయి తెలియదు, మేకు దిగినా తెలియదు, పుండు మీదే రోజంతా నడుస్తారు, లోపల చీము ఎముక దాకా పోతున్నా పైకి చిన్న చిల్లులాగే కనపడుతుంది. మీరు రాసిన హెబ్రీ 12 మాటల్లోనే చెప్పాలంటే నొప్పి అనేది శరీరం చేసే గద్దింపు, మీ పాదం ఆ గద్దింపు వినడం మానేసింది. దానికి దేవుని దయ అని పేరు పెట్టకండి దయచేసి.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన మాట కాదు. పాల్ బ్రాండ్ అని ఒక సర్జన్, మిషనరీల కొడుకు, 1914లో తమిళనాడు కొల్లి కొండల్లో పుట్టారు, 1946లో వేలూరు సీఎంసీ ఆసుపత్రికి వచ్చి కుష్టు రోగులకి వైద్యం చేశారు. వాళ్ల వేళ్లు ఊరికే కుళ్లి రాలిపోవడం లేదు, నొప్పి తెలియక కాలిపోయి, కోసుకుపోయి, ఒత్తుకుపోయి పాడవుతున్నాయని తేల్చి చూపించారు. నొప్పి దేవుడిచ్చిన వరం అనేవారు ఆయన, గట్టి విశ్వాసి కూడా. పుండు మీద బరువు పడకుండా పాదానికి అతుక్కునేట్టు ప్లాస్టర్ కట్టు వేసే పద్ధతి ఆయన బాగా ప్రచారంలోకి తెచ్చిందే, ఇవాళ షుగర్ పుండ్లకి మేం వేసేదీ అదే కట్టు.

కాబట్టి ఈ రోజే వెళ్లండి. సోమవారం కాదు, ఉపవాసాలు అయ్యాక కాదు. సర్జన్ గానీ షుగర్ డాక్టర్ గానీ, పాదం చూసేవాళ్లు ఎవరైనా పర్లేదు. వాళ్లు స్పర్శ చూస్తారు, కాలి నాడి అందుతుందో లేదో చూస్తారు, ఎక్స్‌రే తీస్తారు, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష), కిడ్నీ టెస్టులు చేయిస్తారు, అవసరమైతే చచ్చిన చర్మం తీసేస్తారు. జ్వరం, చలి, చెడు వాసన, వేలు నల్లబడటం, ఎర్రదనం పైకి పాకడం వీటిలో ఏ ఒక్కటి ఉన్నా నేరుగా పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి పోవాలి. నేను మీ కాలు చూడలేదు, ఫొటో కూడా లేదు, ఎంత లోతు ఉందో ఇక్కడ కూర్చుని చెప్పడం కుదరదు, ఇది ప్రిస్క్రిప్షన్ అనుకోకండి.

ఇంకో మాట, మూడు వారాలు ఊరికే ఉండి ఉండరు. పసుపు పెట్టారా, మెడికల్ షాపులో అడిగి ఏదో పౌడర్ చల్లారా, ప్రార్థన చేసిన నూనె రాశారా, వేడి నీళ్లలో కాలు పెట్టారా, ఆనెకాయ అనుకుని బ్లేడుతో చెక్కుకున్నారా? నా దగ్గరికొచ్చే పది మందిలో ఎనిమిది మంది వీటిలో ఏదో ఒకటి చేసే వస్తారు, అడిగితే ఏం చేయలేదండి అంటారు, పక్కన భార్య ఉంటే ఆవిడ చెప్తుంది. వేడి నీళ్లు మరీ ప్రమాదం, వేడి తెలియదు కాబట్టి బొబ్బలెక్కే దాకా పెడతారు. పోయినేడాది ఒకాయన ఇంతకంటే చిన్న పుండుకే పౌడర్ చల్లుకుంటూ రెండు నెలలు గడిపి వచ్చాడు, బొటనవేలు తీసేయాల్సి వచ్చింది, వారం ముందు వచ్చి ఉంటే దక్కేదేమో. ఇప్పుడు మీరు చేయాల్సింది ఒక్కటే, శుభ్రమైన పొడి కట్టు గుడ్డ వదులుగా చుట్టి ఆ కాలి మీద బరువు వేయకుండా వెళ్లడం. చర్చి బయట చెప్పులు వదిలేసి వట్టికాళ్లతో లోపలికి వెళ్లడం కూడా మానండి, పాస్టర్ గారికి చెప్తే కాదనరు.

ఇన్సులిన్ సంగతి. 286 మొన్నటిది, ఈ రోజు ఎంతుందో తెలియదు. షుగర్ అంత ఉంటే పుండు మానదు, ఇన్ఫెక్షన్ ఆగదు. పాత డోసు మీ అంతట మీరే మళ్లీ పొడుచుకోకండి, తిండి లేకుండా పాత డోసు వేస్తే షుగర్ పడిపోయి ఇంకో ప్రమాదం, ఉపవాసం ఈ రోజే ఆపేసి డాక్టర్ చెప్పిన డోసు మొదలుపెట్టండి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మగత ఉంటే అది కూడా ఎమర్జెన్సీనే. ఉపవాసం ఉండొద్దని ఎప్పుడూ అనను, ముందే చెప్పండి, మీ పరిస్థితికి కుదురుతుందో లేదో చూస్తాం. చెప్పకుండా చేసేదే నాకు కోపం.

ఇక ఆసా రాజు. నేనూ సండే స్కూల్లో కూర్చున్నవాణ్ణే, రెండవ దినవృత్తాంతములు 16వ అధ్యాయం, 12వ వచనం ఒక్కటి పట్టుకుంటే ఎట్లాగండి, పైనుంచి చదవండి. మందిరంలోని వెండి బంగారాలు సిరియా రాజుకి పంపి సాయం అడుక్కున్నాడు ఆసా, తప్పు చేశావని హనానీ ప్రవక్త వచ్చి చెప్తే మండిపడి ఆయన్ని జైల్లో వేయించాడు. పాదాల జబ్బు ఆ తర్వాత సంగతి, ఏలుబడి 39వ ఏట. జబ్బులో కూడా యెహోవాని అడగకుండా వైద్యుల్నే పట్టుకున్నాడనేది అక్కడి ఫిర్యాదు, వైద్యుణ్ణి పిలవడం నేరమని లేదు. హిజ్కియా రాజు పుండుకి ప్రార్థన విన్నానని దేవుడు చెప్పాక కూడా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పెట్టించాడు కదా (మీరు మాత్రం అంజీరలు కొని కాలికి కట్టుకోకండి). పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడే. మీ గుంటూరు వైపు 1883లోనే లూథరన్ మిషన్ తరఫున అన్నా కుగ్లర్ అనే డాక్టరమ్మ వచ్చి ఆడవాళ్లకి ఆసుపత్రి కట్టింది, ఆవిడకి విశ్వాసం తక్కువై కాదుగా.

తమ్ముడి విషయం నా సబ్జెక్టు కాదు, అయినా రాశారు కాబట్టి చెప్తున్నా. మీకు షుగర్ వచ్చింది 11 ఏళ్ల కింద, పొలం గొడవ ఎప్పటిదో రాయలేదు, ఇంట్లో అమ్మకో నాన్నకో షుగర్ ఉందో లేదో కూడా రాయలేదు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి వీడు పాపం చేశాడా, కన్నవాళ్లు చేశారా అని శిష్యులు అడిగితే యేసు రెండూ కాదన్నాడు, యోహాను 9లో ఉంది. పొలం విషయంలో తప్పు చేశారని మీకే అనిపిస్తే, నాతాను ప్రవక్త వచ్చి తప్పు చెప్పినప్పుడు దావీదు రాజు చేసినట్టు ఒప్పుకోండి, తమ్ముడి ఇంటికి వెళ్లి కూర్చుని లెక్క సరి చేయండి. అది దిద్దుకోవడం. కాలు కుళ్లబెట్టుకుంటే తమ్ముడికి సెంటు భూమి కూడా తిరిగి రాదు. రాత్రుళ్లు నిద్ర పట్టక, ఇంక బతకడం దేనికి అనిపిస్తుంటే మాత్రం అది కూడా డాక్టర్ దగ్గర దాచకండి, షుగర్ వాళ్లలో డిప్రెషన్ మేం తరచూ చూసేదే.

వెళ్లేటప్పుడు పాత రిపోర్టులు, వాడిన మందుల చీటీలు, రోజూ వేసుకునే చెప్పులు కూడా పట్టుకెళ్లండి, లోపల ఎక్కడ ఒత్తుకుంటుందో చూడాలి. నడిచి వద్దు, ఆటోలో వెళ్లండి, కుదిరితే తమ్ముణ్ణే తోడు రమ్మనండి.