కోడ్ ఉచితమే, మరి పేటెంటు?

ప్రశ్న: బెంగళూరు పీణ్యలో మాది సీసీ కెమెరా రికార్డర్లు తయారుచేసే చిన్న సంస్థ. లోపల లైనక్స్, వీడియోను నడిపే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్, వీడియోను హెచ్.264 పద్ధతిలో కుదించే ఎక్స్264. అన్నీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే, ఆ హెచ్.264 కూడా బహిరంగ ప్రమాణమే. పైగా మన దేశంలో సాఫ్ట్‌వేర్‌కు పేటెంటు లేదంటారు. వచ్చే ఏడాది అమెరికాకూ పంపుతాం. ఎవరికైనా ఏమైనా కట్టాలా?

జవాబు: కట్టాల్సి రావచ్చు. ఎక్స్264కు ఉన్న స్వేచ్ఛా లైసెన్సు జీపీఎల్, ఆ కోడ్ రాసినవాళ్లు ఇచ్చిన అనుమతి మాత్రమే. హెచ్.264లోని పద్ధతుల మీద పేటెంట్లున్న కంపెనీలు వేరు. వాటి తరఫున ఎక్స్264 వాళ్లు మాట ఇవ్వలేరు. డబ్బు పెట్టి ఎక్స్264 వాణిజ్య లైసెన్సు కొన్నా అంతే.

మన పేటెంటు చట్టం 3(కె) సెక్షను సాఫ్ట్‌వేర్ విషయంలో తోసిపుచ్చేది ‘కేవలం’ కంప్యూటర్ ప్రోగ్రామునే. ‘సాఫ్ట్‌వేర్‌కు పేటెంటు లేదు’ అన్న మాటను నమ్ముకోకండి. 2024 మార్చిలో ఢిల్లీ హైకోర్టు, పేటెంట్లున్న ఎరిక్సన్‌కు 244 కోట్ల రూపాయలు చెల్లించమని ఫోన్ల కంపెనీ లావాను ఆదేశించింది. ఆ పేటెంట్లలో ఫోన్‌లో మాటను కుదించే పద్ధతులవీ ఉన్నాయి. అవి ఉత్త అల్గారిథమ్‌లేనన్న వాదన నిలవలేదు. ఇక అమెరికాలో అమ్మే సరుకుకు అక్కడి పేటెంట్లే లెక్క.

హెచ్.264 పేటెంట్లు చాలావరకు ఒకే పూల్‌లో, అంటే పలు కంపెనీల పేటెంట్లకు కలిపి ఒకే లైసెన్సు ఇచ్చే ఏర్పాటులో ఉన్నాయి. దాన్ని ఇదివరకు ఎంపెగ్ ఎల్‌ఏ అనే సంస్థ నడిపేది, ఇప్పుడు వయా ఎల్‌ఏ. ఏడాదికి మొదటి లక్ష యూనిట్లకు రాయల్టీ లేదు, ఆపైన యూనిట్‌కు 20 సెంట్లు. మీ ఉత్పత్తి లక్ష దాటకపోయినా పూల్ లైసెన్సు మీద సంతకం మాత్రం పెట్టాలి. ‘చిప్ కంపెనీ కట్టేసి ఉంటుందిలే’ అనుకోవడం మామూలు పొరపాటు. ఈ లైసెన్సు తుది ఉత్పత్తికి. తామే కట్టామని చిప్ కంపెనీ అంటే, ఆ మాట రాతపూర్వకంగా చెప్పించుకోండి.

అసలు చిక్కు సంతకం తర్వాత మొదలవుతుంది. జీపీఎల్ రెండో వెర్షన్ 7వ సెక్షను ప్రకారం, మీ దగ్గర కాపీ తీసుకున్న ప్రతివాళ్లూ రాయల్టీ లేకుండా తిరిగి పంచుకోనివ్వని పేటెంటు లైసెన్సు గనక మీరు తీసుకుంటే, ఆ ప్రోగ్రామును మీరు అసలు పంచకూడదు. యూనిట్ల లెక్కన రాయల్టీ అంటే అదే కదా! అందుకని జీపీఎల్ ఎక్స్264ను తీసేసి చిప్‌లోనే ఉండే ఎన్‌కోడరో (వీడియోను కుదించే భాగం), వాణిజ్య ఎక్స్264నో పెట్టుకుని పూల్ లైసెన్సు తీసుకోవడం మేలు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ను ‘ఎనేబుల్-జీపీఎల్’ అనే ఎంపిక లేకుండా కంపైల్ చేయండి, అప్పుడది జీపీఎల్ కన్నా సడలింపులున్న ఎల్‌జీపీఎల్ కిందే ఉంటుంది.

హెచ్.264కే సిస్కో వారు ఇచ్చే ఉచిత ప్రోగ్రాము ఓపెన్‌హెచ్264 మాటేమిటంటారా? రాయల్టీ సిస్కోయే కడుతుంది, కానీ వాళ్లు తయారుచేసి ఇచ్చే బైనరీకే (నేరుగా నడిచే సిద్ధ ఫైలుకే). సోర్సు తెచ్చి మీరు కంపైల్ చేస్తే ఆ రక్షణ పోయినట్టే. బైనరీ కూడా వాడేవాళ్ల పరికరంలోకి విడిగా దిగాలి. ఫ్యాక్టరీలో మీ సాఫ్ట్‌వేర్‌తో కలిపి ఎక్కించి పంపకూడదు. ఇంటర్నెట్ లేని గోడౌన్‌లో పెట్టే రికార్డరుకు ఈ దారి పనికిరాదు.

హెచ్.264కు బదులు వాడదగ్గ మరో వీడియో పద్ధతి, 2018లో వచ్చిన ఏవీ1ను రాయల్టీ లేకుండా ఇస్తున్నారు. అయినా పేటెంట్ల లైసెన్సులు ఇచ్చే సంస్థ సిస్వెల్ దాని మీదా పేటెంట్ల పూల్ పెట్టింది. చవక చిప్ మీద ఏవీ1 ఎన్‌కోడింగ్ బరువు కూడా.

ప్రశ్న: చెన్నై వేళచ్చేరి నుంచి రాస్తున్నాను. మా స్వేచ్ఛా ప్రోగ్రాములో ఏళ్లుగా ఉన్న పద్ధతికే ఒక కంపెనీ పేటెంటు దరఖాస్తు పెట్టింది. ఆపే వీలుందా?

జవాబు: ఉంది. దరఖాస్తు ప్రచురితమయ్యాక, పేటెంటు మంజూరయ్యేలోగా 25(1) సెక్షను కింద ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు, ఫారం 7ఎ. ప్రచురణ తర్వాత ఆరు నెలల దాకా మంజూరు చేయరు, ఆలోపే వేసేయండి. మంజూరైపోతే మరో ఏడాది గడువుంటుంది, కానీ అప్పుడు ఆ విషయంతో సంబంధమున్నవాళ్లే వేయాలి.

దరఖాస్తు సారాంశం చదివి కంగారుపడవద్దు. మన పేటెంటు కార్యాలయం వెతుకులాట సైటు ఇన్‌పాస్‌లో పూర్తి పత్రం తీసి, ఒక్కో క్లెయిములోని (తమదని కోరే హక్కును చెప్పే వాక్యంలోని) ఒక్కో అంశం మీ ప్రోగ్రాములో ఎక్కడుందో పక్కపక్కన రాయండి. ఒక్క అంశం దొరక్కపోయినా ‘ఇది కొత్తది కాదు’ అన్న వాదన పడిపోతుంది. ‘నిపుణుడికి ఇట్టే తోచేదే’ అని వాదించాల్సి వస్తుంది. రుజువు ప్రాధాన్య తేదీకి, అంటే ఆ ఆవిష్కరణకు మొట్టమొదట దరఖాస్తు వేసిన తేదీకి ముందుదై ఉండాలి. విదేశంలో మొదట వేసిన దరఖాస్తైతే ఆ తేదీ ఇక్కడి తేదీకన్నా ఏడాది దాకా వెనక ఉండవచ్చు. కోడ్ మార్పులను నమోదుచేసే గిట్‌లోని కమిట్ తేదీలను ఎవరైనా మార్చవచ్చు కనుక వాటి మీదే ఆధారపడకండి. డెబియన్ అనే లైనక్స్ పంపిణీలోకి ఎక్కిన ప్యాకేజీ, పాత వెబ్ పేజీలను దాచే వేబ్యాక్ మెషిన్‌లో నిలిచిన పేజీ లాంటివి గట్టివి.